లాగిన్ ప్రాంప్ట్ వస్తే పరీక్ష నెగ్గినట్టేనా?

బూటింగ్ క్రమాన్ని మీరు ఇంతకుముందు చదివారు. ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌ను లేపుతుంది, బూట్‌లోడర్ కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది, కెర్నల్ ఇనిట్‌ను మొదలుపెడుతుంది, ఇనిట్ గెట్టీని నడుపుతుంది. చివరకు కన్సోల్ మీద ‘లాగిన్’ అనే మాట, దాని పక్కన మెరిసే కర్సర్ కనిపిస్తాయి. ఈ వరుసను మనిషి కూర్చుని చూసే బదులు ఒక ప్రోగ్రామే ఇన్‌స్టలేషన్‌తో మొదలుపెట్టి లాగిన్ వరకు నడిపి, ఫలితం చెప్పడాన్ని స్వయంచాలక పరీక్ష అంటాం. ఇక్కడ రెండు సాధనాలను తీసుకుందాం: నెట్‌బీఎస్‌డీ కోసం రాసిన అనిటా, ఓపెన్‌సూసే ప్రాజెక్టులో పుట్టిన ఓపెన్‌క్యూఏ. ఇవి ఏమి రుజువు చేస్తున్నాయో, ఏది రుజువు చేయకుండా వదిలేస్తున్నాయో చూడటమే మన పని.

ఇలాంటి పరీక్ష అవసరమేమిటని మీరు అడగవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రతి భాగమూ విడివిడిగా సరిగ్గా కంపైల్ అయి, సరిగ్గా పనిచేసి, అంతా కలిపి డిస్క్ మీద పెట్టినప్పుడు యంత్రం లేవకపోవచ్చు. విభజన పట్టికలో ఒక అంకె తేడా వచ్చినా, బూట్‌లోడర్ తన రెండో దశను ఉండవలసిన చోట కనుగొనలేకపోయినా అంతే సంగతులు. నేను పాఠాలు చెప్పిన తొలి రోజుల్లో ల్యాబ్‌లో ఫ్లాపీలు మార్చుకుంటూ ఇన్‌స్టలేషన్ చేసేవాళ్లం. రోజుకు రెండు యంత్రాలు అయ్యేసరికి ఓపిక అయిపోయేది. సోర్స్‌కోడ్‌లో రోజూ పదుల మార్పులు జరిగే ప్రాజెక్టులో ప్రతి మార్పు తరువాతా మనిషి ఆ పని చేయడం జరిగేది కాదు.

ఈ పద్ధతికి మూలం 1990లో డాన్ లైబ్స్ పరిచయం చేసిన ఎక్స్‌పెక్ట్ అనే సాధనం. ఫలానా మాట కనిపించేవరకు ఆగు, కనిపించాక ఫలానా జవాబు టైప్ చెయ్యి, నిర్ణీత సమయంలో కనిపించకపోతే విఫలమైందని చెప్పు: దాని సారమంతా ఇదే. పైథాన్ భాషలో దీనికి అనుసరణగా వచ్చినది పెక్స్‌పెక్ట్. అనిటా దాని మీదే నిలబడింది. నెట్‌బీఎస్‌డీ విడుదల ఫైళ్లను దించుకుని, క్యూఈఎమ్‌యూ వంటి ఎమ్యులేటర్‌లో ఖాళీ డిస్క్‌తో ఒక మిథ్యా యంత్రాన్ని నిలిపి, సీరియల్ కన్సోల్ ద్వారా సిస్‌ఇన్‌స్ట్ అనే ఇన్‌స్టలర్ అడిగే ప్రశ్నలకు తానే జవాబులిస్తుంది. తరువాత ఆ డిస్క్‌ను బూట్ చేసి, రూట్‌గా లాగిన్ అయి, సిస్టమ్‌తో వచ్చే ఏటీఎఫ్ పరీక్షలను కూడా నడపగలదు.

అనిటాలో నాకు నచ్చినది దాని నిరాడంబరత. సిస్‌ఇన్‌స్ట్ మెనూలో ప్రతి అంశానికీ ముందు ఒక అక్షరం ఉంటుంది. మెనూలో కొత్త అంశం చేరితే ఆ అక్షరాలు జరిగిపోతాయి. అందుకని పరీక్ష అంశం పేరును వెతికి, దాని ముందున్న అక్షరాన్ని అప్పటికప్పుడు చదువుకుని అదే నొక్కాలి. అక్షరాన్ని ముందే రాసిపెట్టుకున్న పరీక్ష ఏదో ఒక రోజు ‘కొనసాగించాలా’ అన్న ప్రశ్నకు ‘వద్దు’ అని జవాబిస్తుంది. ఇన్‌స్టలర్‌లో ఏ లోపమూ లేకున్నా ఫలితం ఎర్రగా వస్తుంది.

ఇంకొక చిక్కును జాగ్రత్తగా గమనించండి. మీరు కన్సోల్‌లో టైప్ చేసిన ప్రతి అక్షరమూ తిరిగి తెర మీద ప్రతిధ్వనిస్తుంది. ఒక ఆదేశం నెగ్గితే ‘సరే’ అని ముద్రించమని పంపి, ‘సరే’ కోసం ఎదురుచూశారనుకోండి. ఆదేశం నడవకముందే, మీరు పంపిన వాక్యంలోని ‘సరే’ మీకే తిరిగి కనిపిస్తుంది. పరీక్ష నెగ్గిందని చెప్పేస్తుంది! అందుకే ఆదేశం ముగింపు స్థితిని సూచించే షెల్ చరరాశిని పంపి, జవాబుగా అంకె వచ్చిందా అని చూస్తారు. ప్రతిధ్వనిలో చరరాశి గుర్తు ఉంటుంది గాని అంకె ఉండదు. చిన్న ఉపాయమే. కానీ తన గొంతు తానే విని మురిసిపోయే పరీక్షకూ నమ్మదగిన పరీక్షకూ తేడా ఇక్కడే ఉంది.

ఓపెన్‌క్యూఏ దారి వేరు. అది తెరను బొమ్మగా చూస్తుంది. పరీక్ష రాసేవారు ముందే దాచిన తెరబొమ్మను ‘నీడిల్’ అంటారు. బొమ్మతో పాటు ఏ భాగాన్ని పోల్చాలో, గడియారం వంటి ఏ భాగాన్ని వదిలేయాలో తెలిపే ఒక వివరాల ఫైలు ఉంటుంది. సాధారణంగా 96 శాతం పోలిక కుదిరితే సరిపోయినట్టు లెక్క. ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ కొత్త ప్రతి బయటికి రావాలంటే ఈ పరీక్షలు దాటాలి. ఫెడోరా కూడా దీనిని వాడుతోంది.

దీని బలం తెలుగువారికి సులభంగా అర్థమవుతుంది. లైనక్స్ వీజీఏ టెక్స్ట్ కన్సోల్‌లో ఒకేసారి గరిష్ఠంగా 512 అక్షర రూపాలకే చోటు. ఒత్తులను, గుణింతాలను కలిపి చూపే ఏర్పాటు అందులో లేదు. డెబియన్ ఇన్‌స్టలర్‌లో తెలుగు ఎంచుకోవాలంటే గ్రాఫికల్ రూపంలోకే వెళ్లాలి. అంటే సీరియల్ కన్సోల్‌లో ఇంగ్లీషు మెనూలు చదివే పరీక్ష ఎంత గొప్పదైనా, తెలుగులో ఇన్‌స్టలేషన్ చేసుకునే వ్యక్తి నడిచే దారిలో అది ఒక్క అడుగూ వేయదు. ‘క్ష్మి’ అనే అక్షరం విరిగి, విడివిడి ముక్కలుగా కనిపించినా దానికి తెలియదు. తెరను బొమ్మగా చూసే పరీక్ష అయితే పట్టుకోగలదు, ఆ భాషకు నీడిల్స్ ఎవరైనా తయారుచేసి ఉంటేనే. ఖరీదు కూడా అక్కడే. ఫాంటు మారినా, బటన్ రంగు మారినా నీడిల్స్ మళ్లీ తీయాలి. ఒక్కో భాషకు విడిగా తీయాలి. విసిగిపోయిన బృందం పోలిక శాతాన్ని తగ్గించుకుంటూ పోతే చివరకు ఆ పరీక్ష దేనినైనా ఒప్పుకుంటుంది.

రెండింటి మీదా నా ప్రధానమైన అభ్యంతరం లాగిన్ దగ్గర. ప్రాంప్ట్‌ను చూపేది గెట్టీ. పాస్‌వర్డ్‌ను సరిచూసేది దాని తరువాత వచ్చే లాగిన్ ప్రోగ్రాము. కాబట్టి ప్రాంప్ట్ కనిపించడం వల్ల కెర్నల్ లేచిందని, రూట్ ఫైల్‌సిస్టమ్ దొరికిందని, ఇనిట్ పనిచేసిందని తెలుస్తుంది. అది తక్కువ సమాచారం కాదు. కానీ తలుపు సరైన తాళంచెవికే తెరుచుకుంటుందని దానివల్ల తెలియదు. అనిటా తరహా పరీక్ష పాస్‌వర్డ్ లేని రూట్ ఖాతాతో లోపలికి వెళుతుంది. ఎవరు ఏమి టైప్ చేసినా లోపలికి రానిచ్చే సిస్టమ్ కూడా ఆ పరీక్షను హాయిగా దాటేస్తుంది.

ఇది ఊహాజనితమైన భయం అనుకోవద్దు. పాస్‌వర్డ్ పెట్టిన గ్రబ్ బూట్‌లోడర్‌లో, యూజర్ పేరు అడిగిన చోట బ్యాక్‌స్పేస్‌ను 28 సార్లు నొక్కితే కాపలా దాటి రెస్క్యూ షెల్ వచ్చేది. 1.98 వెర్షన్‌లో చేరిన ఆ లోపం 2015 డిసెంబరు వరకు ఎవరికీ పట్టలేదు. మరుసటి ఏడు మరొకటి బయటపడింది. డిస్క్ మొత్తాన్ని గుప్తీకరించిన కొన్ని లైనక్స్ సిస్టమ్‌లలో, పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఎంటర్ కీని దాదాపు 70 సెకన్లు నొక్కి ఉంచితే రూట్ షెల్ దక్కేది. గుప్తీకరించిన సమాచారం చదవడానికి వీలుకాదు గాని, దానిని కాపీ చేయవచ్చు, చెరిపేయవచ్చు. ఈ రెండూ తప్పుడు జవాబు ఇచ్చినప్పుడే బయటపడే లోపాలు. సరైన జవాబు మాత్రమే ఇచ్చే పరీక్షను వెయ్యిసార్లు నడిపినా ఇవి దొరకవు.

మరో మాట. పరీక్ష విఫలమైతే మళ్లీ నడిపి, రెండోసారి నెగ్గితే పచ్చగుర్తు వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. ఎమ్యులేటర్ నెమ్మదించి సమయం మించిపోవడం నిజమే. అయితే ఐదు బూట్‌లలో ఒకటి ఆగిపోయే కెర్నల్ కూడా అచ్చంగా ఇలాగే కనిపిస్తుంది. ఓపెన్‌క్యూఏలో తెలిసిన లోపాన్ని ‘సాఫ్ట్ ఫెయిల్యూర్’గా నమోదు చేసే వీలుంది. దాచకుండా వేరే రంగులో చూపడం నిజాయితీయే. ఆ రంగు నెలల తరబడి అలాగే ఉండిపోతే మాత్రం కళ్లు దానికి అలవాటుపడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: క్యూఈఎమ్‌యూలో మీకు నచ్చిన ఒక సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేయండి. తరువాత ఐఎస్ఓ ఫైలును తప్పనిసరిగా తొలగించి, డిస్క్ నుంచే రెండుసార్లు బూట్ చేయండి. ఐఎస్ఓ తగిలించే ఉంటే, డిస్క్ మీద బూట్‌లోడర్ పాడైనా యంత్రం దాని నుంచే లేచి మిమ్మల్ని మభ్యపెట్టవచ్చు. లాగిన్ దగ్గర తప్పు పాస్‌వర్డ్, ఖాళీ పాస్‌వర్డ్, 200 అక్షరాల పాస్‌వర్డ్ వరుసగా ఇచ్చి కన్సోల్‌లో వచ్చిన ప్రతి వరుసనూ రాసుకోండి. తెలుగు ఎంపిక ఉన్న ఇన్‌స్టలర్ అయితే అదే పని తెలుగులో మళ్లీ చేసి, ఎక్కడెక్కడ తెర ఇంగ్లీషులోకి మారిందో గుర్తించండి. ఈ నాలుగు పేజీల నివేదికను సంపర్క తరగతికి వచ్చేటప్పుడు వెంట తెచ్చి మీ కౌన్సెలర్‌కు చూపండి.