అడుగంటాలి, మాడకూడదు

ఇంగ్లండులో ఆదివారం మధ్యాహ్నం పబ్బుకెళ్ళి రోస్టు తినడం పాతకాలపు అలవాటు. చెన్నైలో ఆ రుచి కోసం పెద్ద హోటళ్ల పబ్బులకు వెళ్ళేవాళ్ళున్నారు. నేను మాత్రం పెరంబూరు వెళ్తాను, తెలిసిన ఆంగ్లో ఇండియన్ ఆంటీ వంటింటికి.

దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో రాయపురం స్టేషన్ నుంచి కదిలింది. పెరంబూరు రైల్వే వర్క్‌షాపు కూడా ఆ ఏటిదే. డ్రైవర్లుగా, గార్డులుగా, ఫిట్టర్లుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. మన బెజవాడ, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్ళకు ఈ మనుషులు కొత్త కాదు. 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. సడలింపు 1971లో గానీ రాలేదు. పబ్బన్నది పుట్టే వీలే లేని ఆ రోజుల్లో ఆదివారం విందు ఇంట్లోనే జరిగేది. రాత్రి సందడి రైల్వే ఇనిస్టిట్యూట్‌లో. చెక్క నేల మీద పౌడరు చల్లి, బ్యాండు వాయిస్తుంటే జైవ్, వాల్ట్‌జ్ ఆడేవారు.

రోస్టుకు ఓవెన్ కావాలి. మద్రాసు ఇళ్ళల్లో ఓవెన్ ఎక్కడిది? ఉన్నది బొగ్గుల పొయ్యి, అడుగు మందంగా ఉన్న గిన్నె. ఆ రెంటితోనే రోస్టు చేయడం నేర్చుకున్నారు. అదే పాట్ రోస్ట్. పూర్వం మూత మీద కూడా నిప్పులు పోసేవారట.

ఆంటీ చేతిపని చూస్తూ ఎన్ని గంటలైనా నిలబడొచ్చు. ఎముక తీసిన వేట తొడను చుట్టి దారంతో బిగించి కడుతుంది. ఫోర్కుతో పొడిచి ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కాస్త వెనిగర్ పట్టిస్తుంది. గంట తర్వాత నూనెలో అన్ని వైపులా ఎర్రబడేదాకా దొర్లిస్తుంది. అప్పుడు సగం మునిగేలా నీళ్ళు, నాలుగు ఎండుమిరపకాయలు, దాల్చినచెక్క, గుప్పెడు మిరియాలు వేసి మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేస్తుంది. ఇక్కడిదాకా ఎవరైనా చేయగలరు.

అసలు పని నీళ్ళు ఇగిరాక మొదలవుతుంది. మన ఇగురు పొడిబారి వేపుడయ్యే ఘడియ అది. గిన్నెలో చప్పుడు మారుతుంది. కుతకుత పోయి చిటపట మొదలవగానే, వేరే పనిలో ఉన్నా ఆంటీ తల తిప్పుతుంది. మూత తీసి, మాంసాన్ని చుట్టూ తిప్పుతూ, దాని కొవ్వులోనే వేయిస్తుంది. ఉడకబెట్టిన బంగాళాదుంపల్ని పక్కన సర్దుతుంది. నేను గరిటె అందుకోబోతే, “తొందరేంటి మ్యాన్?” అని చేతి మీద ఒక్కటి వేసింది.

అడుగంటిందంటే మనకు కూర చెడినట్టే. ఇక్కడ ఆ అడుగే కావాలి. మాంసం తీసేశాక గిన్నె అడుగున ముదురు తేనె రంగులో ఒక పొర మిగులుతుంది. దాని మీద అరకప్పు వేడినీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకుతుంది. క్షణంలో చిక్కటి గ్రేవీ తయారు. పొర ఇంకో నిమిషం ఆగితే నల్లబడి చేదెక్కుతుంది, నిమిషం ముందైతే రంగే రాదు. ఆ నిమిషాన్ని ఆమె గడియారంలో చూడదు, వాసనతో పట్టుకుంటుంది. వంటలో ఇంతకు మించిన పనితనం నేనింతవరకూ చూడలేదు.

మాంసాన్ని పావుగంట ఆరనిచ్చి, దారం తీసి, పోగులకు అడ్డంగా పలచగా కోస్తుంది. లోపల లేత గోధుమరంగు, అంచున మిరియాల నలుపు. నోట్లో ముందు తగిలేది ఘాటు, ఆ వెనక కొవ్వు కమ్మదనం.

ఈ కుటుంబాల్లో చాలామంది ఆస్ట్రేలియా, ఇంగ్లండు వెళ్ళిపోయారు. ఆంటీ కొలతలు ఎక్కడా రాసి లేవు. మీకు పెరంబూరులోనో, వేపేరిలోనో, సెయింట్ థామస్ మౌంట్‌లోనో ఇలాంటి ఇంటి నుంచి ఆదివారం భోజనానికి పిలుపొస్తే ఒంటిగంటకు వెళ్ళకండి. పదింటికే వెళ్ళి వంటింట్లో నిలబడండి.