విమానాశ్రయ సామర్థ్యము: ఒక్క అంకె చాలునా?

ముంబయి విమానాశ్రయమునందలి రెండు రన్‌వేలు ఒకదాని నొకటి ఖండించుకొనుచున్నవి. కావున రెండింటిని ఒకేసారి స్వేచ్ఛగా వాడుటకు వీలులేదు. అయినను 2018 డిసెంబరులో ఒక దినమున అచ్చట విమానముల రాకపోకలు కలిసి వేయి దాటినవి. అనగా గంటకు సరాసరి 42. ఇది మెచ్చదగిన పనియే. కాని దీనిని బట్టి ఆ విమానాశ్రయపు సామర్థ్యము ఇంత అని చెప్పవచ్చునా? ఒక్కొక్క విమానము ఎంతసేపు వేచియున్నదో తెలియనిదే చెప్పరాదు.

సామర్థ్యమును ముందుగా అంచనా వేయుటకు నేడు కంప్యూటరు అనుకరణమును వాడుచున్నారు. విమానముల రాకలు, వేగములు, గాలి దిశ, రన్‌వేపై ఉండు కాలము మున్నగు వానిని అంకెలుగా యంత్రమున కందించి, ఒక దినపు రాకపోకలను పెక్కుసార్లు నడిపించి చూతురు. బరువైన విమానము వెనుక గాలిసుడులు ఏర్పడును గనుక, దాని వెనుక వచ్చు చిన్న విమానము ఎక్కువ దూరము పాటింపవలెను. ఏది ముందు, ఏది వెనుక అను దానిని బట్టి ఫలితము మారును. ఇట్టి చిక్కులను సూత్రములతో సాధించుట కష్టము. అనుకరణపు గొప్పతన మిచ్చటనే కలదు.

లోపము ఎచ్చట? ఒక రన్‌వేపై ఒక్కొక్క విమానమునకు 90 సెకనులు పట్టు ననుకొందము. గంటకు 40 విమానములకు చోటు కలదు. రాకలు క్రమము లేక యున్నచో, గంటకు 32 విమానములు వచ్చినపుడు సరాసరి నిరీక్షణ 3 నిమిషములు. 36 వచ్చినపుడు దాదాపు 7. 38 వచ్చినపుడు 14 దాటును. చివరి రెండు విమానములే నిరీక్షణను రెట్టింపు చేసినవి! 1960 దశకములో అమెరికా విమానయాన సంస్థ సరాసరి 4 నిమిషముల ఆలస్యమును హద్దుగా గ్రహించెను. ఆ లెక్కన ఈ రన్‌వే సామర్థ్యము 33 మాత్రమే. రన్‌వే ఒక్కటే, జవాబులు రెండు. ఎంత ఆలస్యము సహింపదగినదో నిర్ణయింపవలసినది మనుష్యులు, యంత్రము కాదు.

అంతేకాదు, క్రమము లేని రాకలనుటయే మన ఊహ. వేళాపట్టిక ప్రకారము వచ్చినచో ఫలితము వేరు. పొగమంచు కమ్మినచో మరియును వేరు. ఊహలు చెప్పక అంకెను మాత్రము ప్రకటించుట, ప్రశ్నను దాచి జవాబును చూపుట వంటిది.

క్రొత్త రన్‌వే కొరకు భూమి సేకరింపవలెనా, వలదా అను నిర్ణయము ఇట్టి అంకెపై ఆధారపడును. కావున సామర్థ్యమును గూర్చి చదివినపుడెల్ల విద్యార్థులు అడుగవలసిన ప్రశ్నలు రెండు: ఎంత ఆలస్యమునకు ఈ అంకె? ఏ ఊహలపై ఈ అంకె?