నిప్పెరుగని పాకము

పండ్లగుజ్జును చక్కెరతో చేర్చి నిలువచేయుట యనగానే మనకు వెంటనే స్ఫురించునది పొయ్యిమీద తుకతుకలాడుచున్న గిన్నె, అందులో ఆగక తిరుగుచున్న గరిటె, ఇల్లెల్ల నిండిన కమ్మని వాసన. ఆ వాసనను మెచ్చనివారుండరు గాని, అది యింటినిండ వ్యాపించినదనగా పండును విడిచి వచ్చినదనియే అర్థము. మామిడికి ప్రాణమైన పరిమళము ఇట్టే యావిరియై పోవు ద్రవ్యముల కూర్పు. గుజ్జు కాగినకొలది నీటితోపాటు అదియు లేచిపోవును. తుదకు సీసాలోనికి చేరునది తీపియు, పులుపును, కాగిన చక్కెర రుచియు మాత్రమే. పండును ప్రేమించువాడు దాని పరిమళమును చేజార్చుకొనక నిలువచేయు మార్గమును వెదకవలెనని నా విశ్వాసము. ఆ మార్గము మన పెరళ్లలోను డాబాలమీదను ఏనాటినుండియో యున్నది.

నిప్పును తాకనీయక పండును కాపాడు నేర్పు ఏ యొక్క దేశమువారి సొత్తును కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్, పచ్చిగా కొరుకుటకు గట్టిగాను వగరుగాను ఉండు క్విన్సు పండ్లను గింజలు తీసి, తేనెలో సందులేకుండ కూరి యుంచినచో, ఏడాది గడచునప్పటికి అవి మెత్తబడునని తన ఔషధగ్రంథమున వ్రాసియున్నాడు. రాజాపురి మామిడికాయను తురిమి, ఉప్పును పసుపును చక్కెరయు కలిపి, పాత్ర మూతికి పలుచని గుడ్డ కట్టి, తీగపాకము వచ్చువరకు దినదినము ఎండబెట్టి కలియబెట్టుచు గుజరాతీ యిల్లాండ్రు చేయు ఛుందో యీ జాతిలోనిదే. పళని పంచామృతములో విరూపాక్షి అరటిపండ్లు, బెల్లము, తేనె, నెయ్యి, ఖర్జూరము, కలకండ, ఏలకులు చేరును గాని నీటిచుక్క చేరదు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. మనకు మామిడి తాండ్ర కలదు. కోనసీమలోని ఆత్రేయపురమును, విజయనగరము జిల్లాలోని భీమాళియు దీనికి పేరుపొందిన యూళ్లు. అక్కడ చాపలమీద రసము పోసి, ఎండిన పొరమీద మరల పొర పోయుచు, వేసవియంతయు ఊరిజనము ఈ పనిలో మునిగియుందురు.

వీటన్నిటిని కాపాడు సూత్రమొక్కటే. పండిన మామిడిలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. ఆ నీరు స్వేచ్ఛగా నున్నంతకాలము బూజునకును, పులియజేయు సూక్ష్మజీవులకును పండుగే. చక్కెర ఆ నీటిని తనకు కట్టివేసికొనును. సూక్ష్మజీవి దేహములోని నీటిని సైతము వెలికి లాగును. మిగిలిన నీటిని ఎండ హరించును. పండులోని పులుపు ఈ రెంటికిని తోడ్పడును. పొయ్యిమీది జామునకును రక్ష యిదియే. చక్కెరయు పండులోని ఘనపదార్థమును కలిసి నూటికి 65 పాళ్లు దాటువరకు దానిని కాచుదురు. అయితే నిప్పు అంతటితో ఆగదు. సూక్ష్మజీవులను చంపును, పండును నల్లబరచు ఎంజైములను అణచును. ఎండకు ఆ సంహారశక్తి లేదు గనుక, ఆ లోటును చేయువాని శుభ్రతయు వేగమును తీర్చవలెను.

తాండ్ర విషయమున ఆ వేగమంతయు పొర మందములో నున్నది. మా యింట పండ్లను కడిగి, తడి లేకుండ తుడిచి, రసము పిండి జల్లెడ పట్టి, దాని బరువులో నాలుగవవంతు చక్కెరయు కొలదిగా నిమ్మరసమును కలిపి, నెయ్యి రాచిన వెడల్పు పళ్లెములలో పోయుదుము. అదియు పళ్లెము అడుగు కనబడకుండునంత మాత్రమే. మొదట చేయువారందరికిని, ఒక్కసారి దళసరిగా పోసినచో పని త్వరగా ముగియునను ఆశ కలుగును. దళసరి పొరమీద ఎండకు ముందుగా పైతోలు కట్టును. ఆ తోలు క్రింది తేమను బయటికి పోనీయదు. మరునాటికి లోపల పులియుట మొదలై, పళ్లెము వద్దకు వంగినంతనే కల్లువాసన కొట్టును. పలుచని పొర యొక పగటిలోనే సగమారును. అది వ్రేలికి అంటకుండునప్పుడే రెండవ పొర పోయవలెను. సాయంకాలము మంచు తగులకుండ లోనికి తెచ్చుట, పగలు ఈగలు వ్రాలకుండ గుడ్డ కప్పుట, మబ్బు పట్టిన నాడు క్రొత్త పొర పోయకుండుట, ఇవి యెన్నడును విడువరాని నియమములు. బెల్లముతో చేసిన తాండ్ర రుచిలో గొప్పదే గాని, బెల్లము గాలిలోని తేమను లాగుకొనును. వానకాలమునకు దాచదలచినవారు చక్కెరతో చేయుట మేలు.

పండును ఎన్నుకొనుటయందు నేను మిక్కిలి కఠినముగా నుందును. మచ్చపడిన పండును, కాయవాసన పోని పండును నిప్పు కొంతవరకు కప్పిపుచ్చగలదు. ఎండ దేనిని కప్పదు. రసాల జాతి పండ్లే దీనికి తగినవి. బంగినపల్లి కోసి తినుటకు దొరవంటిదైనను, దాని గుజ్జులో తాండ్రకు వలసిన పులుపు చాలదని నా యభిప్రాయము. కాలము కూడ కలిసిరావలెను. రోహిణీకార్తె ఎండలు మండు రోజులలోనే రసాలు విరివిగా దొరకుట మన అదృష్టము. మృగశిర ప్రవేశించి తొలకరి గాలి తిరిగినదనగా, పండ్లు ఎన్ని మిగిలినను పళ్లెములు కడిగి బోర్లించుటయే.

ఎండయు పరిమళములో కొంత భాగమును తీసికొనును. దానిని నేను కాదనను. తాండ్ర వాసన చెట్టుపండు వాసన కాదు, దానికి దగ్గరిచుట్టము. చెట్టుపండు వాసనయే కావలెనని, రొట్టెమీద పూయదగినట్లు మెత్తగా ఉండవలెనని కోరువారు, ఎండను సైతము విడిచి, పచ్చిగుజ్జులో సమానమైన బరువు చక్కెరను నిమ్మరసముతో కలిపి, చక్కెర పూర్తిగా కరగువరకు చేతితో త్రిప్పి చూడవలెను. ఆ రుచి యెరిగినవారికి సీసాజాము మరల నచ్చుట కష్టము. కాని లెక్క చూచుకొనవలెను: సమముగా చక్కెర కలిపినను దానిలోని ఘనపదార్థము నూటికి 60 పాళ్లు దాటదు, నీరింకను మిగిలియుండును. కావున అది అలమరలో నిలువదు. చిన్న చిన్న సీసాలలో నింపి ఫ్రిజ్జులో నుంచి, రెండుమూడు వారములలో ముగింపవలెను. ఏడాది పొడవున కావలెనన్నచో మంచుగడ్డలు కట్టు పైయరలో దాచి, ఒక్కొక్క సీసానే క్రిందికి దింపుకొనవలెను. తడి చెంచాను మాత్రము అందులో ముంచరాదు.