బువ్వ మానమంటున్నదెవరు?

తెలుగునాట కొన్నేళ్లుగా ఒక కొత్త ఉపదేశం వినబడుతోంది. అన్నం మానండి, ఇడ్లీ మానండి, రొట్టె మానండి, కొవ్వు తినండి అని. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ సభలకు ఫంక్షన్ హాళ్లు నిండిపోయాయి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, లీటర్లకొద్దీ నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు ఆ పద్ధతికి మూలస్తంభాలు. చాలామంది డాక్టర్లు బహిరంగంగానే వ్యతిరేకించారు. ఆ తర్వాత కీటో అనీ, లో-కార్బ్ అనీ పేర్లు మారుతూ పుస్తకాలు, ఉపన్యాసాలు, డైట్ చార్టులు కుప్పలుగా వచ్చాయి. వాటి వైద్యపరమైన మంచిచెడ్డల మీద చర్చ బాగానే జరిగింది. ఐతే ఈ ఉపదేశం ఏ ఇంటిని, ఏ పొయ్యిని, ఏ పళ్లాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతోంది అన్న ప్రశ్న మాత్రం మాకు ఎక్కడా ఎదురుపడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మేము ఇద్దరం, భార్యాభర్తలం. ఇద్దరం కాంట్రాక్టు లెక్చరర్లం. ఇద్దరు పిల్లలు, అమ్మ, వెరసి ఐదుగురం. మాలో ఒకరికి షుగర్ అని తేలింది. ఇది ఒక్క మా ఇంటి కత కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. షుగర్ బలిసినోళ్ల జబ్బు అనే మాట ఇక చెల్లదు. డాక్టర్ అంబేద్కరే తన చివరి సంవత్సరాల్లో ఈ జబ్బుతో ఎంత నలిగిపోయారో మనకు తెలుసు. కాబట్టి ఈ ఆహార పద్ధతిని ఎగతాళి చేసి తప్పుకునే హక్కు మాకు లేదు. అన్నం తగ్గిస్తే నెత్తురులో చక్కెర తగ్గుతుంది. ఇది నిజం, మేమూ కళ్లారా చూశాం. ఎవరు తగ్గించగలరు, దాని బదులు ఏం తినగలరు, ఆ ఖర్చు ఇంట్లో ఎవరి పళ్లెంలోంచి పోతుంది అన్నదగ్గరే మా పేచీ.

మొదట లెక్క చూద్దాం. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. అంటే రోజుకు 200 గ్రాములు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. 200 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 155 గ్రాములు. కీటో చార్టులు రోజు మొత్తానికి ఒప్పుకునేది 20 నుంచి 50 గ్రాములు. కొంచెం దయగల లో-కార్బ్ చార్టులు కూడా 130 దాటనివ్వవు. అంటే సర్కారు మా చేతిలో పెట్టే తిండి ఒక్కటే ఆ హద్దును దాటిపోతుంది. ఇంకో పక్క చూడండి. 200 గ్రాముల బియ్యం ఇచ్చే శక్తి దాదాపు 700 క్యాలరీలు. 70 గ్రాముల కొబ్బరినూనె ఇచ్చేది 630. రెండూ ఇంచుమించు ఒకటే. ఐతే మొదటిది డీలరు షాపులో వచ్చేది, రెండోది కొనుక్కోవాల్సింది. మనిషికి నెలకు రెండు కిలోలకు పైగా నూనె! దానికి తోడు బాదం, పనీర్, వెన్న. ఈ చార్టు రాసినాయన కూలికి పోయే మనిషి సంచిలోకి ఎన్నడన్నా తొంగిచూశాడా?

మేము అన్నం తగ్గించే సంగతి ఎత్తినప్పుడు అమ్మ అన్న మాట ఇది: "మీ తాత జీతమున్నన్ని దినాలు గటక తాగి బతికినం. బియ్యం బువ్వ పండుగకే. దొర ఇంట్ల గంజి వాసన చూసి ఏడ్చేటోళ్లం. ఇప్పుడు బువ్వ దొరికినంక తినొద్దంటున్నరా?" ఈ మాటకు మా దగ్గర జవాబు లేదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినప్పుడు మాల మాదిగ వాడల్లోకి వచ్చింది ఒట్టి తిండిగింజ కాదు. రోజూ తెల్లబువ్వ తినగలగటం దొరతో సమానంగా కూర్చోవటమే అనిపించింది ఆ తరానికి. నలభై ఏళ్లు గడిచాయో లేదో, ఆ బువ్వే విషమని చెబుతున్నారు. చెప్పేది శాస్త్రమే కావచ్చు. చరిత్ర తెలియని శాస్త్రం అది.

ఇక కొవ్వు, మాంసం సంగతి. తునకలు ఎండేసి దండెం మీద ఆరేసుకున్నందుకు, బోటి కడిగినందుకు, నల్ల వండినందుకు మమ్మల్ని ఊరవతల పెట్టారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే జరిగిన గొడవ ఇంకా మరిచిపోలేదు. ఇప్పుడేమో పిండి తగ్గించి మాంసం, కొవ్వు తినండని వేదికల మీద బోధిస్తున్నారు. మేము చదివిన చార్టుల్లో నెయ్యి ఉంది, కొబ్బరినూనె ఉంది, పనీర్ ఉంది, మటన్ చికెన్ కూడా ఉన్నాయి. పెద్దకూర మాత్రం కనబడలేదు. మటన్ కన్నా చాలా చవగ్గా, నిండుగా మాంసకృత్తులు ఇచ్చే తిండి అది. దాని పేరు ఎందుకు ఎత్తరు? తినేది దేహమే ఐనా చార్టు రాసేది కులమేనని మాకు ఇక్కడ అర్థమైంది. మరాఠీలో షాహూ పాటోలే దళితుల వంటల మీద 2015లో తెచ్చిన పుస్తకానికి 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అని పేరు పెట్టాడు. అన్నం పూర్ణబ్రహ్మమనే వాళ్లకు అది జవాబు. తెలుగులో డైట్ పుస్తకాలు రాసేవాళ్లు ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగితే బాగుండు.

ఐతే అంతా బయటివాళ్ల మీదికే నెట్టి చేతులు దులుపుకోలేం. మేము అని రాస్తున్న ఈ మాటలోనే ఒక చీలిక ఉంది. షుగర్ వచ్చింది భర్తకు. రెండు పొయ్యిల వంట పడింది భార్య మీద. ఆయనకు కోడిగుడ్లు, కూర, ఆకుకూర వేపుడు. మిగతా నలుగురికి అన్నం, పచ్చిపులుసు. జీతం పెరగలేదు, కాబట్టి ఆయన పళ్లెంలోకి వచ్చిన గుడ్లు ఎక్కడో తగ్గాలి. తగ్గింది ఇద్దరి పళ్లాల్లో, ఆమెదీ బిడ్డదీ. నెల తిరిగాక బిడ్డ అడిగింది: "నాయినకు జొరమా? రోజూ గుడ్లెందుకు?" ఆ రోజు మేమిద్దరం తలెత్తుకోలేకపోయాం. మగవాడి జబ్బు ఇంటి మొత్తం తిండిని తనవైపు తిప్పుకుంటుంది. ఆమెకే షుగర్ వచ్చి ఉంటే రెండో పొయ్యి వెలిగేదా? వెలిగేది కాదనే మేము అనుకుంటున్నాం. దళిత స్త్రీలు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న ఇదే. అది మా వంటింట్లోనే కూర్చుని ఉంది.

ఉపన్యాసాల్లో నెమ్మదిగా దాటేసే సంగతి ఇంకొకటుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదును డాక్టరు సరిచూడకుండా ఈ పని చేయకూడదు. ఎండలో కూలి చేసే మనిషికి కళ్లు తిరిగి పడిపోతే పక్కన పట్టుకునేవాడుంటాడా? పెరిగే పిల్లలను, కడుపుతో ఉన్నవాళ్లను ఇందులోకి లాగటం అసలే తప్పు. ఇక అన్నం బదులు జొన్నరొట్టె తింటే పిండి పోయినట్టేనని మనవాళ్లు నమ్ముతున్నారు. పీచు ఎక్కువ మాట నిజమే. కాని జొన్నలోనూ నూటికి దాదాపు 68 వంతులు పిండిపదార్థమే. అదీ కొలుచుకునే తినాలి.

చివరికి మేము చేసిందేమిటంటే, ఒకే పొయ్యి, ఒకే వంట. అందరికీ అన్నం కొంత తగ్గింది, ఆయనకు ఇంకొంత తగ్గింది. పప్పు, గోంగూర, తోటకూర పెరిగాయి. వారానికి రెండుసార్లు పెద్దకూర. గుడ్లు వస్తే ఐదుగురికీ వస్తాయి, లేకపోతే ఎవరికీ లేవు. కూరగాయలు ఆయన తరుగుతాడు. డాక్టరు మాత్ర మార్చాడు. చక్కెర పూర్తిగా దిగలేదు కాని కొంత దిగింది. ఇది చార్టు కాదు, ఎవరికీ సిఫారసు చేయటం లేదు.

మా డిమాండు వేరే ఉంది. బువ్వ మానమని పేదవాడికి చెప్పేముందు, రేషన్ షాపులో బియ్యంతోపాటు పప్పు, గుడ్లు, నూనె ఎందుకు లేవని సర్కారును అడగాలి. కడుపు నింపటంతో తన పని అయిపోయిందనుకున్న రాజ్యం, ఆ కడుపుకు వచ్చిన జబ్బుకు కూడా జవాబు చెప్పాలి. డైట్ సాహిత్యం మనిషిని ఒంటరిగా నిలబెట్టి నీ నోరు కట్టుకో అంటుంది. నోరు కట్టుకోవటం మాకు కొత్త కాదు, తరాల తరబడి చేసిన పనే. ఇప్పుడు నోరు తెరిచి అడగాల్సి ఉంది. మీ ఇళ్లలో ఎవరి పళ్లెం తగ్గింది, ఎవరి పొయ్యి రెండైంది, రాసి పంపండి. ఈ చర్చ సాగాలి.