చేపల కన్నా ముందు మన్ను

హైదరాబాద్‌లో ఆదివారం సాయంత్రం ఏ అక్వేరియం దుకాణంలో చూసినా ఇదే సందడి. పిల్లలు వేలు పెట్టి చూపిస్తుంటారు. దుకాణదారు చిన్న వలతో చేపను పట్టి, కవరులో నీళ్లూ గాలీ నింపి రబ్బరు బ్యాండు బిగిస్తాడు. తొట్టి, రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్క, మోటారు, గోల్డ్‌ఫిష్‌లు అన్నీ ఒకే ఆటోలో ఇల్లు చేరతాయి. వారం తిరిగేసరికి నీళ్లు తెల్లగా మసకబారతాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. నీళ్లన్నీ మార్చేస్తారు. మర్నాడు ఇంకో చేప తేలుతుంది.

ఆ ఇంటివాళ్లు శ్రద్ధ పెట్టలేదని కాదు. కొనేటప్పుడు వాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. రాళ్లకూ ఇసుకకూ అంటుకుని పెరిగే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషాలే. నైట్రేట్‌తో అంత ప్రమాదం లేదు. ఈ బ్యాక్టీరియా కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాళ్లు తీసి కుళాయి కింద తోమితే, అప్పుడప్పుడే పుట్టుకొస్తున్నది కాస్తా క్లోరిన్‌కు చచ్చిపోతుంది.

మొక్కలుంటే కథ వేరు. అవి అమ్మోనియాను నేరుగా పీల్చుకుని ఆకు వేస్తాయి.

లండన్‌లోని అపోథికరీస్ హాల్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లోనే ఈ లెక్క తేల్చాడు. పన్నెండు గ్యాలన్ల గాజుపాత్రలో ఇసుక, బురద, రాళ్లు వేసి, వల్లిస్నేరియా నాటి, రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. కొన్నాళ్లకు ముదిరిన ఆకులు కుళ్లి నీళ్లు పాడవసాగాయి. చెరువు నత్తలను తెచ్చి వేశాక అవి కుళ్లిన ఆకునూ పాచినీ తినేశాయి, నీళ్లు తేరుకున్నాయి. మోటారు లేదు, ఫిల్టర్ లేదు. ఇళ్లలో అక్వేరియం పెట్టుకునే అలవాటుకు వేళ్లు అక్కడే ఉన్నాయి. మన దగ్గర ‘తొట్టి మురికైంది’ అని ఏరి పారేసేది కూడా ఆ నత్తలనే!

అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో ‘ఎకాలజీ ఆఫ్ ది ప్లాంటెడ్ అక్వేరియం’ పుస్తకంతో ఆ దారిని మళ్లీ తెరిచారు. అడుగున మామూలు మట్టి, దానిపైన ఇసుక, ఒత్తుగా మొక్కలు, తక్కువ చేపలు. ఖరీదైన ఎరువులు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు అక్కర్లేదు. మట్టిలోని బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడే మొక్కకు చాలావరకు సరిపోతుంది. వరి పండించేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. నీళ్లు నిలిచిన మడిలో ఇనుము, భాస్వరం కరిగి వేళ్లకు అందినట్టే ఇక్కడా అందుతాయి. తెలంగాణ, రాయలసీమ ఎర్రమట్టిలో ఇనుముకు కొదవ లేదు కనుక పెరటి మన్నే చాలు. నర్సరీ మట్టి మాత్రం వద్దు. అందులో కలిపే వేపపిండి, పశువుల ఎరువు నీటిలో కుళ్లి అమ్మోనియా అవుతాయి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. నీళ్ల బరువే అర క్వింటాలు పైమాట, అందుకే టీపాయ్ మీద పెట్టకూడదు. మట్టిని జల్లించి అంగుళం మందాన పరచాలి. అంతకు మించితే లోపల గాలి ఆడక కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. పైన అంగుళం మందాన కడిగిన ముతక ఇసుక. దానిమీద పళ్లెం బోర్లించి, మగ్గుతో నెమ్మదిగా పళ్లెం మీదే నీళ్లు పోస్తే మట్టి లేవదు.

మొదటి రోజే మొక్కలు కిక్కిరిసి ఉండాలి. ఈ విషయంలో పిసినారితనం పనికిరాదు. హైడ్రిల్లా, వల్లిస్నేరియా, హార్న్‌వర్ట్ మన చెరువుల్లో దొరికేవే, పైగా చకచకా పెరుగుతాయి. అయితే చెరువు నుంచి తెచ్చినదాన్ని కొన్ని రోజులు బకెట్లో విడిగా ఉంచి చూడాలి. దానితోపాటు వచ్చే తూనీగ పిల్లపురుగులు చేపపిల్లలను వేటాడతాయి. అనూబియస్, జావా ఫెర్న్‌ల దుంపకాండాన్ని పూడ్చకుండా దారంతో రాయికి కట్టాలి, పూడిస్తే కుళ్లుతుంది. క్రిప్టోకొరైన్ నాటిన కొద్దిరోజులకే ఆకులన్నీ జావగారిపోవచ్చు. పీకేయకండి, వేరు బతికే ఉంటుంది, కొత్త ఆకు వేస్తుంది.

దీపం ఉదయం నాలుగైదు గంటలు, మధ్యాహ్నం కొంత విరామం, సాయంత్రం మళ్లీ నాలుగైదు గంటలు వెలిగించాలి. ఆ విరామంలో నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ మళ్లీ చేరుతుంది. కిటికీ ఎండ నేరుగా పడితే నీళ్లు పచ్చబడతాయి. అన్నీ కుదిరిన తొట్టిలో దీపం వెలిగిన కాసేపటికి హైడ్రిల్లా కాడ తెగిన చోటు నుంచి సన్నని బుడగలు దారంలా పైకి లేస్తాయి. జీవశాస్త్రం పాఠంలో గరాటు బోర్లించి పరీక్షనాళికలో పట్టిన ఆక్సిజన్ అదే.

చేపలు నెల దాటాకే. జీబ్రా డానియో మన దేశపు చేపే, ఎనిమిదింటిని గుంపుగా వదిలితే తొట్టి పొడవునా పరుగులు తీస్తాయి. బోరు నీళ్ల ఊళ్లలో గప్పీలు, మోలీలు నయం. వాటికి కఠినజలం పడుతుంది. గప్పీల్లో మగవాటినే తెచ్చుకుంటే సంతానం సమస్య ఉండదు. గోల్డ్‌ఫిష్ ఇక్కడ ఇమడదు, మొక్కలను పీకి తింటుంది. మే నెలలో జాగ్రత్త అవసరం. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. రాత్రిళ్లు మొక్కలూ దాన్నే వాడుకుంటాయి. ఎండాకాలంలో నీటి పైభాగాన్ని కదిలించే చిన్న మోటారు పెట్టడం మంచిది.

ఇలాంటి తొట్టికి నీళ్లు మార్చనే అక్కర్లేదని కొందరంటారు. మన బోరు నీళ్లతో అది కుదరదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు మిగిలిపోతాయి. నెలకోసారి పావువంతు తీసి, మునిసిపల్ నీళ్లయితే రోజంతా బకెట్లో నిలవ ఉంచి క్లోరిన్ పోయాక పోయాలి. మేత రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినేంతే.

గాజు శుభ్రం చేస్తుందని దుకాణాల్లో అంటగట్టే సక్కర్ ఫిష్‌ను మాత్రం కొననే వద్దు. అడుగు దాటి పెరుగుతుంది, పెరిగాక ఇంట్లో పట్టదు, జనం తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. కృష్ణా కాలువల్లో జాలరుల వలలు చింపే ‘దెయ్యం చేప’ ఆ జాతిదే. ఎక్కువైన చేపలను దుకాణానికి తిరిగి ఇవ్వచ్చు. కత్తిరించిన మొక్కలను తోటి అభిరుచిగలవాళ్లకు పంచి, మిగిలితే చెరువులో పారేయకుండా ఎండబెట్టి పూలకుండీల్లో వేయాలి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువులు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.