అగర్ ఊరికే ఉండదు

డిసెంబరులో ఆళ్లగడ్డ నల్లరేగడి చేలల్లో శనగ పచ్చగా ఉంటుంది. ఈ మధ్య ఎక్కువగా నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన ఎన్‌బీఈజీ 47 కోసమే వెతుకుతున్నాను. యంత్రంతో కోతకు వీలుగా నిటారుగా పెరిగే రకం అది. మన్ను విడిపించి మొక్కను పెకలిస్తే వేళ్లకు బుడిపెలు. గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు. మొక్కకు నత్రజని అందించే రైజోబియం కాపురం అక్కడే. ఆ బుడిపెను శుభ్రంగా కడిగి, నలిపి, నంద్యాల ల్యాబులో ప్లేటు మీద గీతలు గీసి పెంచడం నాకు చాలా ఇష్టమైన పని.

ప్లేటులో మానిటాల్, ఈస్ట్ సారం, ఫాస్ఫేటు, కాంగో రెడ్ అనే రంగు వేస్తాం. రైజోబియం ఆ రంగును పెద్దగా పీల్చదు, తెల్లగా మెరుస్తుంది. వెంట వచ్చిన ఇతర బ్యాక్టీరియా చాలావరకు ఎర్రబడుతుంది. అడుగున గట్టిపరిచేదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. లీటరుకు 15 గ్రాముల అగర్, అంతే.

గట్టిపరచడానికి మొదట్లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ ల్యాబులో వాడింది జెలటిన్. 30 డిగ్రీల లోపే కరుగుతుంది. కొన్ని బ్యాక్టీరియా దాన్నే తిని నీరు చేస్తాయి. మే నెల నంద్యాలలో అయితే అది గిన్నెలో నీళ్లే. 1881లో ఫానీ హెస్సే తన వంటింట్లో జెల్లీలకు వాడే అగర్‌ను కోఖ్ ల్యాబులో పనిచేస్తున్న భర్తకు సూచించింది. మన కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అమ్మేది అదే, సముద్రపు ఎర్రనాచు నుంచి తీస్తారు. 85 డిగ్రీల దగ్గర గానీ కరగదు, 40 లోపు గడ్డకడుతుంది. 1882లో క్షయ గురించి రాసిన కోఖ్ అగర్‌ను ప్రస్తావించాడు, ఆమెను ప్రస్తావించలేదు. అది నాకిప్పటికీ బాధే.

చాలా ఏళ్లు నేను ఫాస్ఫేటునూ అగర్‌నూ ఒకే ఫ్లాస్కులో ఆటోక్లేవు చేశాను. 2014లో జపాన్ పరిశోధకులు అలా చేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుందనీ, దానివల్ల మొలిచే కాలనీలు తగ్గుతాయనీ చూపారు. చదివి చాలాసేపు కదలలేకపోయాను. ప్లేటు మీద రానివి మన్నులోనే లేవనుకున్నాను గదా! రంగు తన ఎంపిక మొదలుపెట్టకముందే అగర్ ఓ జల్లెడ పట్టేసింది.

జెల్లాన్ బంక మరో దారి. అది తక్కువ మోతాదులోనే గాజులా గట్టిపడుతుంది. కానీ మెగ్నీషియమో కాల్షియమో కావాలి, పోయడంలో ఆలస్యమైతే ఫ్లాస్కులోనే బిగుసుకుంటుంది. మొండికేసే మన్ను బ్యాక్టీరియాకు దాన్నే ఎంచుకుంటాను. రోజువారీ బుడిపెలకు అగర్ చాలు, ఫాస్ఫేటు మటుకు వేరే ఫ్లాస్కులో ఉడికించి, చెయ్యి తాళేంత వేడికి వచ్చాక కలుపుతాను. నిన్న గీసిన ప్లేట్లు ఇంక్యుబేటరులో ఉన్నాయి. నాలుగో రోజు ఉదయం వెలుతురుకు ఎత్తి చూడాలి.