ముష్టి పక్కన చిల్ల

సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ రాసిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795లో వెలువడటం మొదలైంది. అందులో నాలుగో బొమ్మ ముష్టి, ఐదోది చిల్ల. ముష్టి గింజ విషం. చిల్లగింజ కుండలోపల అరగదీస్తే గోదావరి ఎర్రనీళ్లు తేటపడతాయి. రెండింటి ఆకుల ఈనెలూ ఇంచుమించు ఒకటే, కాబట్టి పక్కపక్కన వేయడం మెచ్చుకోవలసిందే. అయితే అడవిలేని కోనసీమలో, అమలాపురమైనా రాజోలైనా, చేతికొచ్చేది చెట్టు కాదు, ఎండు గింజ. అక్కడ మా పెద్దల గుర్తే అక్కరకొస్తుంది: ముష్టి బొత్తాంలా బల్లపరుపు, పట్టులాంటి నూగు, చిల్ల చిన్నది, గుండ్రం. కొరికి చూడొద్దంటారు. తెలుగు పేర్లు రాసుకున్న దొర, అవి చెప్పినవాళ్లను అట్టమీద వేయలేదు. మాకదే లోటు. అయినా ఆ బొమ్మలు బడిలో చూపిస్తాం, పక్కన గింజలతో. ముష్టి మాత్రం సీసాలో, మూత బిగించి.